నువ్వైతేగారి బ్రేకులు

నువ్వైతేగారికి సొంత ఇల్లు లేకుండా పోవడానికి కారణం ఒకే ఒక్క ప్రశ్న. అది ఆయన్ని ఎవరో అడిగిన ప్రశ్న కాదు, ఆయన ఊరందరినీ అడిగిన ప్రశ్న.

ఆస్తి పంచుకునే రోజు పొద్దున అన్నగారు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఉన్నవి రెండేరా. ఒకటి ఈ ఇల్లు, రెండోది నాన్న నడిపిన పికప్ బండి. ముందు నువ్వే కోరుకో. సాయంత్రానికి చెబితే చాలు" అన్నాడు. వినడానికి ధర్మంగానే ఉంది. తమ్ముడు చెప్పులేసుకుని వీధిలోకి బయల్దేరాడు. ఎదురింటాయన్ని "మీరైతే ఏది తీసుకుంటారు?" అని అడిగాడు. పాలుపోసే కుర్రాణ్ణి "నువ్వైతే ఏది తీసుకుంటావ్?" అని అడిగాడు. బస్సు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషిని కూడా అడిగాడు. ఆ మనిషి ఆలోచనలో పడి బస్సు వదిలేసుకున్నాడు. అందరూ ఒక్క గొంతుతో ఇల్లు తీసుకోమన్నారు.

ఆ మాట చెబుదామని సాయంత్రం తిరిగొచ్చేసరికి గుమ్మానికి కొత్త తాళం వేలాడుతోంది. ఆయన బట్టల పెట్టె బండి వెనకాల ఎక్కించి ఉంది. "మధ్యాహ్నందాకా చూశాం. ఏమీ చెప్పలేదంటే నీకు బండే ఇష్టమేమో అనుకున్నాం" అన్నాడు అన్నగారు మేడమీద కిటికీలోంచి.

ఇంకొకడైతే రాయి విసిరేవాడు, కోర్టుకెక్కేవాడు. ఈయన కిటికీ కింద నిలబడి తల పైకెత్తి, "పోనీ, నువ్వైతే ఇప్పుడేం చేస్తావన్నయ్యా?" అని అడిగాడు.

"నేనైతే బండెక్కి వెళ్లిపోతాను" అన్నాడు అన్న.

ఈయన బండెక్కి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచీ ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు. చిన్నవాళ్లతో "నువ్వైతే", పెద్దవాళ్లతో "మీరైతే". మనిషిని బట్టి మర్యాద మారేది గానీ ప్రశ్న మారేది కాదు. వీధి ఆయనకి నువ్వైతే అని పేరు పెట్టి, జుట్టు నెరిశాక చివర గారు తగిలించింది. హోటల్‌కి వెళ్తే ఆయన టీ తాగాలో కాఫీ తాగాలో పక్క బల్లవాళ్లు తేల్చాలి. ఒకసారి ఎవరో పొరపాటున ఆయన నంబరుకి ఫోన్ చేస్తే, పెట్టెయ్యనివ్వకుండా ఆపి, బండి తలుపుకి ఏ రంగు వేయిస్తే బాగుంటుందో కనుక్కున్నాడు. వారం తర్వాత ఆ మనిషే మళ్లీ ఫోన్ చేసి రంగు ఎలా కుదిరిందని అడిగాడు.

ఆయనకున్నవి రెండు నీలం చొక్కాలు, ఒకే తానులోంచి కుట్టించినవి. పొద్దున్నే చెరో చేత్తో ఒకటి పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడేవాడు. "నువ్వైతే ఏది వేసుకుంటావే?"

భార్య తలెత్తకుండానే "కుడిచేతిలోది" అనేది.

"కుడి అంటే నా కుడా, నీ కుడా?"

"ఎవరి కుడైతే ఏంటండీ? రెండూ ఒకటే చొక్కా!"

"అదేగా నా కష్టం! తేడా ఉంటే నేనే తేల్చుకునేవాణ్ణిగా."

ఇలాంటి మనిషికి అల్లుడైనవాడు ఓపికగలవాడై ఉండాలి. కాని అల్లుడికి ఓపిక లేదు, పైగా లోకం మీద కోపం ఉంది. ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. చదువు మధ్యలో ఆగిపోతే, పాత పుస్తకాల కొట్లో నిలబడి దొరికిందల్లా చదివాడు. చదివిన కొద్దీ, తనని ఉద్యోగాలకి పరీక్షించేవాళ్లకంటే తనకే ఎక్కువ తెలుసని నమ్మకం కుదిరింది. పరీక్షించేవాళ్లలో ఒక్కడికీ ఆ నమ్మకం కలగలేదు. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని గోడ మీద రాసి ఉన్న గదుల్లోంచి అతణ్ణి ఏ అభిప్రాయమూ అడక్కుండానే పంపించేశారు. చివరికి అద్దాల కొట్టు పెట్టాడు. ఎటు తిరిగినా తన మొహమే కనిపించే కొట్టు. ఆ మొహం ఎప్పుడూ చిటపటలాడుతూ ఉండేది కాబట్టి, లోపలికొచ్చినవాళ్లు తమ మొహం చూసుకునేలోపే అతని మొహం చూసి వెళ్లిపోయేవారు.

అలాంటి కొట్టుకి ఒక మంచి బేరం తగిలింది. కొత్తగా తెరుస్తున్న సెలూన్‌కి గోడంతా పట్టే నిలువెత్తు అద్దాలు కావాలి. సెలూనాయన మాట దాచుకునే రకం కాదు. "ఆదివారం షాపు తెరుస్తున్నా. శనివారం పొద్దున అద్దాలు నా గుమ్మంలో ఉండాలి. ఒక్కటి పగిలినా, మధ్యాహ్నం దాటినా, పెద్ద బజారుకెళ్లి తెచ్చుకుంటా. నీ మీద నాకు కోపమేం లేదు, నమ్మకం కూడా ఇంకా లేదు" అన్నాడు. అద్దాలు క్షేమంగా చేరితే కొట్టు నిలబడుతుంది. చేరకపోతే గది తాళంచెవి ఓనరు చేతిలో పెట్టి, మళ్లీ అభిప్రాయాలు అడగని గదుల చుట్టూ తిరగాలి.

అన్ని అద్దాలు పట్టే బండి, పిలిస్తే కాదనకుండా వచ్చే బండి ఒక్కటే ఉంది. అది మామగారి పికప్. దానికి బ్రేకు తొక్కితే వీధి మొదట్లోనే కీచుమనేది. అత్తగారు ఆ కేక విని టీకి నీళ్లు పెట్టేది. కేకతో పోతే అదృష్టమే. ఈమధ్య బ్రేకు మీద కాలేస్తే బండికి చలిజ్వరం కూడా వచ్చేది. పెడలు దగ్గర మొదలైన వణుకు స్టీరింగు దాకా పాకి, వెనక ఉన్న సామానంతా గజగజలాడేది. బస్తాలు వణికితే నష్టం లేదు. వణికేది అద్దమైతే?

"మామయ్యగారూ, శనివారం లోపల ఆ బ్రేకులు మార్పించండి" అన్నాడు అల్లుడు సోమవారం పొద్దున.

"తప్పకుండా అల్లుడుగారూ. మీరైతే ఎలాంటివి వేయిస్తారు?"

"నన్నడక్కండి. తొక్కితే బండి ఆగేవి వేయించండి, చాలు."

"ఆగేవాటిలోనే చాలా రకాలున్నాయటండీ" అన్నాడు నువ్వైతేగారు, కళ్లు మెరుస్తుండగా.

ఆ మెరుపు చూసి అల్లుడికి భయమేసింది. మామగారిని ఒంటరిగా వదిలితే శనివారం కాదు, వచ్చే ఏడు శనివారానికి కూడా తేలదని, తనే వెంటబెట్టుకుని విడిభాగాల షాపుకి వెళ్లాడు. లోపలికి అడుగు పెట్టేదాకా అతనికి బ్రేకంటే బ్రేకే.

షాపాయన బల్ల మీద డబ్బాలు పేర్చడం మొదలుపెట్టాడు. చక్రం వెనక తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. దాన్ని రెండు పక్కలనుంచీ నొక్కిపట్టి బండిని ఆపే బిళ్లలు ప్యాడ్లు. ఇంతవరకూ అల్లుడికి అర్థమైంది. అతనికి ఆ రోజు అర్థమైంది కూడా ఇంతవరకే.

"ఇవి మెత్తరకం ప్యాడ్లండీ. చప్పుడుండదు, కానీ తొందరగా అరుగుతాయి. ఇవి లోహప్పొడి కలిసినవి. బరువు మీద గట్టిగా పట్టుకుంటాయి, కొంచెం అరుస్తాయి, డిస్కుని తింటాయి. ఇవి సెరామిక్. అరవవు, దుమ్ము రాలదు, ఎక్కువ బరువంటే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి" అన్నాడు షాపాయన.

"సెరామిక్ అంటే టీకప్పులు చేసేదేనా?" అన్నాడు అల్లుడు.

"దానికి చుట్టం అనుకోండి."

"బండిని టీకప్పుతో ఆపుతారా?"

"కప్పు చూశారు గానీ కాల్చిన బట్టీ చూడలేదు సార్ మీరు" అని షాపాయన డిస్కుల వైపు తిరిగాడు. "వీటిలో సాదావి, గాట్లు పెట్టినవి, చిల్లులు పొడిచినవి, తుప్పు పట్టకుండా పూత పూసినవి ఉన్నాయి."

"చిల్లులెందుకు?"

"వేడి పోవడానికి."

"గాట్లెందుకు?"

"దుమ్ము పోవడానికి."

"మరి సాదావి ఎందుకు?"

షాపాయన డబ్బా అటూ ఇటూ తిప్పి, "అవి... బండి ఆగడానికండీ" అన్నాడు. "ఇంతకీ బండి ఏ సంవత్సరంది?"

"మా నాన్నగారిది" అన్నాడు నువ్వైతేగారు.

అల్లుడు ఒక డబ్బా తీసి దాని మీద అక్షరాలు చదవబోయాడు. కొరుకుడుపడని పుస్తకాలెన్నో నమిలి మింగినవాడే గాని, ఆ డబ్బా మీద వాక్యం మొదలెక్కడో చివరెక్కడో దొరకలేదు. అతను తలెత్తేసరికి మామగారు హారన్ కొనడానికొచ్చిన ఒకాయన్ని పట్టుకుని ఉన్నాడు.

"మీరైతే ఏ ప్యాడ్లు తీసుకుంటారండీ?"

"నాది స్కూటరండీ."

"స్కూటరు పక్కన పెట్టండి. మీకే పికప్ ఉంటే?"

స్కూటరాయన స్కూటర్ని మనసులోనే పక్కన పెట్టి, లేని పికప్‌ని ఊహించుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు చేరారు. కాసేపటికి షాపులో మెత్తవాళ్లు, గట్టివాళ్లు అని రెండు పార్టీలయ్యాయి. చిల్లులవాడొకడు ఎటూ చేరక గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరినీ తిడుతున్నాడు. ఇంతలో సెలూనాయన ఫోన్ చేస్తే, ఆ గోలలో వినబడక అల్లుడు వీధిలోకెళ్లి ఎత్తాడు. "అద్దాలొస్తున్నాయా?" అన్నాడు ఆయన. "వస్తున్నాయండీ" అని అల్లుడు చాలాసేపు నచ్చజెప్పాడు. మళ్లీ లోపలికి వెళ్లే ధైర్యం చాలక, "తేలాక కబురు చేయండి" అని వీధిలోంచే అరిచి వెళ్లిపోయాడు.

మర్నాడు కబురు రాలేదు, మామగారే నడిచి వచ్చాడు. "బండి షెడ్డులో పెట్టానండీ. ఇంకో నలుగుర్ని కనుక్కుంటే మంచిదనిపించింది" అన్నాడు. అరిగిపోయిన ప్యాడు ఒకటి రుమాల్లో చుట్టి, పుట్టిన పిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

అల్లుడు కొట్టుకి తాళం వేశాడు. మనిషిని ఆపలేనప్పుడు తొందరపెట్టడమొక్కటే మిగులుతుంది. ఇద్దరూ బయల్దేరారు.

మొదట టైలరమ్మ. ఆవిడ రోజంతా మిషను చప్పుడుతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషి. నువ్వైతేగారు రుమాలు విప్పి ఆవిడ బల్ల మీద, సగం కుట్టిన చొక్కాచేతుల మధ్య ఆ నల్ల బిళ్లని పెట్టాడు.

"అమ్మా, బండి బ్రేకుల్లో బిళ్లలు, పళ్లేలు మార్చాలి. మీరైతే ఏవి వేస్తారు? మెత్తవా, గట్టివా, సెరామిక్కా?"

ఆవిడ మిషను ఆపింది. "నన్నా? బ్రేకుల గురించా?"

"మిమ్మల్నేనమ్మా."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "రాసుకునే చోట ఎప్పుడూ మెత్తదే వేయాలి బాబాయిగారూ. కాలరు లోపల గరుకు గుడ్డ వేస్తే మెడ ఒరుసుకుపోదూ? మెత్తవే వేయండి. మరి ఆ పళ్లేలేంటి?"

"చిల్లులున్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి."

"చిల్లులు పడ్డ పళ్లేలు ఎవరైనా కొనుక్కుంటారా? మా ఇంట్లో ఉన్నాయి, పట్టుకెళ్లండి!" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆ కొట్లోంచి నవ్వు వినబడటం అల్లుడికి అదే మొదటిసారి. కాని అతను గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

తర్వాత మందుల షాపాయన. చీటీ అందుకోవడం, మాత్రలివ్వడం తప్ప ఆయనతో ఇంకో పని పడదు ఎవరికీ. ఈయన ప్రశ్న వినగానే ఆయన అరిగిన ప్యాడుని దీపం కింద పెట్టి, ఎక్స్‌రే చూసినట్టు చూశాడు.

"దుమ్ము బాగా రాలుతోందా?"

"రాలుతోందండీ."

"ఊపిరితిత్తులకి మంచిది కాదు. సెరామిక్ వేయండి. కొత్తలో మాత్రం ఒకేసారి గట్టిగా తొక్కకండి, పడకపోవచ్చు. మెల్లగా, రోజుకి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోండి."

"భోజనానికి ముందా, తర్వాతా?" అన్నాడు అల్లుడు, పళ్లు బిగబట్టి.

"ఎప్పుడైనా పరవాలేదు" అన్నాడు మందుల షాపాయన, చాలా శ్రద్ధగా.

బయటికొచ్చాక అల్లుడు పేవ్‌మెంటు మీదే నిలదీశాడు. "మామయ్యగారూ, ఆవిడ మెత్తవంది, ఈయన సెరామిక్ అన్నాడు, షెడ్డులో మెకానిక్ ఏమన్నాడో దేవుడికి తెలుసు. ఇప్పుడేం చేద్దామని?"

"ఇంకొకర్ని అడుగుదామండీ."

"ఎవర్ని?"

"పెద్ద డ్రైవరుగారిని."

అల్లుడికి ఒళ్లు మండింది. పెద్ద డ్రైవరు ఒకప్పుడు లారీ నడిపినవాడు. ఒక దిగుడులో లారీ ఆగక, వెళ్లి వెళ్లి ఓ గోడౌను గోడలో దూరింది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు, ఆయన పరువుకి తప్ప. బ్రేకు పట్టలేదని ఆయన, కునుకు తీశాడని మిగతా లోకం. అప్పట్నుంచీ ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. ఆయన దగ్గర ఎవరూ బండి మాట ఎత్తరు. వసారాలో కుర్చీ గోడవైపుకి తిప్పుకుని కూర్చుంటాడు, రోడ్డు కనపడకుండా.

"బ్రేకులు పట్టక గోడలో దూరిన మనిషిని బ్రేకుల గురించి అడుగుతారా? నవ్విపోతారు!"

"బ్రేకు పట్టకపోతే ఎలా ఉంటుందో ఆయనకి తెలిసినట్టు మనకెవరికి తెలుసండీ?" అన్నాడు నువ్వైతేగారు. అల్లుడు గొణుక్కుంటూనే వెనకాల నడిచాడు.

వసారాలో ఆ వీపే కనిపించింది. "పెద్దాయనా, బండికి బ్రేకులు మార్చాలి. మీరైతే ఏవి వేస్తారు?"

కుర్చీ కదల్లేదు. "ఎగతాళికొచ్చావా?" అని గోడని అడిగినట్టు అడిగాడు.

"ఎగతాళికైతే అల్లుణ్ణి వెంటబెట్టుకొస్తానా? అద్దాలు తోలాలి. అతని కొట్టుకి మొదటి పెద్ద బేరం. నాకు చూస్తే ఏదీ తెగడం లేదు."

వీపు వెనకనుంచి ఒక చెయ్యి చాపుకొచ్చింది. నువ్వైతేగారు అందులో రుమాలు పెట్టాడు. పెద్ద డ్రైవరు ప్యాడుని బొటనవేలితో రుద్దాడు, వాసన చూశాడు, మోకాలికేసి కొట్టి విన్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. బరువు గురించి, దిగుడు గురించి, వానలో తొక్కడం గురించి, తను నడిపిన లారీల గురించి, వాటిలో ఒకదాని మొండితనం గురించి చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ప్యాడ్ల మాట వచ్చినట్టే వచ్చి, మళ్లీ లారీల్లో కలిసిపోయింది. లోపలినుంచి ఆయన కోడలు టీ తెచ్చింది. టీ చల్లారింది. మళ్లీ తెచ్చింది.

"లోహప్పొడివే వెయ్యి. చిల్లులు వద్దు, గాట్లు వద్దు. బరువెత్తే బండికి సోకులెందుకు?" అన్నాడు చివరికి. అప్పుడు చూశాడు అల్లుడు. మాటల్లో పడి, కుర్చీని కొంచెం కొంచెంగా జరుపుకుంటూ, ఆ ముసలాయన రోడ్డుకి ఎదురుగా తిరిగి కూర్చుని ఉన్నాడు.

చూశాడు గానీ పట్టించుకోలేదు. అతని బుర్రలో అప్పటికి మూడు రకాల ప్యాడ్లు నాలుగు రకాల డిస్కుల మీద గిర్రున తిరుగుతున్నాయి. ఇంటికెళ్లి భార్య మీద విరుచుకుపడ్డాడు. "మీ నాన్న నా కొట్టు ముంచేస్తాడు. సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోలేని మనిషి!"

"నాన్న అంతే. పెట్టేది తింటూ కూడా ఏది ముందు తినాలో నన్నడిగేవాడు" అంది భార్య.

అత్తగారు కూతుర్ని చూడ్డానికొచ్చి ఉంది అక్కడే. "ఒక మాట చెప్పు నాయనా" అంది. "ఆయన అడిగితే తికమక పడేది మనం. ఆయన తికమక పడటం నువ్వెప్పుడైనా చూశావా?"

అల్లుడికి ఆ మాట కూడా తికమకగానే ఉంది.

శుక్రవారం షెడ్డుకి వెళ్లాడు. పికప్ మీద పట్టా కప్పి ఉంది. చక్రాలు నాలుగూ బిగించే ఉన్నాయి. చక్రం సందులోంచి ఏదో తళుక్కుమంది. అద్దాల మనిషి కాబట్టి తళుకు గుర్తుపట్టాడు గాని, అదేమిటో తెలిసేంత బ్రేకు విద్య అతనికి ఇంకా పట్టుబడలేదు.

"ఏమైంది మేస్త్రీ? ఏ ప్యాడ్లన్నారు?"

"మీ మామగారు ఇంకా కనుక్కుంటున్నారు సార్" అన్నాడు మెకానిక్. అని, రెంచి కింద పడిందని వంగి, అవసరమైనదానికంటే చాలాసేపు వంగే ఉన్నాడు. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

ఆ రోజంతా అల్లుడు కొట్లో కూర్చుని, నిలువెత్తు అద్దాలన్నిట్లో ఒకేసారి దివాలా తీస్తున్న తనని తాను చూసుకున్నాడు.

శనివారం పొద్దున్నే కొట్టు ముందు పికప్ ఆగింది. ఆగిన సంగతి అతనికి తెలియలేదు. కేక వినబడలేదు మరి. తలెత్తి చూస్తే నువ్వైతేగారు కిటికీలోంచి నవ్వుతున్నాడు, నీలం చొక్కాలో.

"వేయించారా? ఏవి?"

"ముందు అద్దాలెక్కిద్దామండీ, సెలూనాయన చూస్తుంటాడు."

దుప్పట్లు కప్పి, తాళ్లు బిగించి అద్దాలు నిలబెట్టారు. అల్లుడు వాటిని కావలించుకున్నట్టు పట్టుకుని వెనకే నిలబడ్డాడు. బండి కదిలింది. వీధి మలుపు తిరగ్గానే టైలరమ్మ కొట్టు ముందు ఆగింది. కీచు లేదు, వణుకు లేదు. అద్దాలు చిన్న చప్పుడైనా చెయ్యలేదు. ఆవిడ టేపు మెళ్లో వేసుకుని గుమ్మంలోనే ఉంది.

"ఎలా ఉన్నాయి బాబాయిగారూ? ఏవి వేశారు?"

"మీరు చెప్పినవేనమ్మా!"

"చూశారా? రాసుకునే చోట మెత్తదే ఉండాలి!" అని ఆవిడ పక్కకొట్టు వాళ్లకి వినబడేలా అంది. పక్కకొట్టు ఆవిడ బయటికొచ్చి, "నీకు బండ్ల గురించి కూడా తెలుసా?" అంది. ఇద్దరూ మాటల్లో పడ్డారు.

బండి కదిలి, మందుల షాపు ముందు మళ్లీ ఆగింది. "మామయ్యగారూ, టైము!" అని అల్లుడు పైనుంచి అరిచాడు. అప్పటికే మందుల షాపాయన వంగి చక్రంలోకి తొంగి చూస్తున్నాడు.

"దుమ్ము లేదు. సెరామిక్కేనా?"

"మీరు చెప్పినవేనండీ!"

"అన్నీ తగ్గిపోతాయి" అని ఆయన చక్రాన్ని తట్టాడు.

వెనక అల్లుడు అద్దం పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ఒకే చక్రానికి మెత్తవీ, సెరామిక్కూ రెండూ ఎలా వేశారు? కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటా? అలాగైతే బండి గుండ్రంగా తిరగాలి కదా? అద్దంలో అతని మొహం అతన్నే తిరిగి అడుగుతోంది.

మూడోసారి ఆగినప్పుడు అతను అరవలేదు. పెద్ద డ్రైవరు వసారాలో లేడు. రోడ్డు పక్కకే వచ్చి, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. బండి వచ్చేటప్పుడే చెవి ఒకవైపు వంచి వింటున్నాడు. దగ్గరికొచ్చి, చక్రం దగ్గర అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి వేడి చూశాడు.

"ఏవి?"

"మీరు చెప్పినవే పెద్దాయనా."

"లోహప్పొడివా?"

"మీ మాటే."

ముసలాయన తల పంకించాడు. వీధిలో పోతున్న ఇద్దరు కుర్రాళ్లు ఆగి చూస్తుంటే, వాళ్లని పిలిచి, "ఈ బండికి బ్రేకులు ఎవరు చెప్పారో తెలుసా?" అన్నాడు. తెలియదన్నారు వాళ్లు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. దిగుడు, వాన, మొండి లారీ. బండి మలుపు తిరిగేదాకా ఆ గొంతు వినబడుతూనే ఉంది.

అద్దాలు మధ్యాహ్నానికి ముందే సెలూన్ చేరాయి. ఒక్క గీత పడలేదు. సెలూనాయన ప్రతి అద్దంలోనూ మీసం చూసుకుని, తృప్తిపడి, ఇంకో షాపుకి కూడా కావాలన్నాడు. కొట్టు నిలబడింది. అల్లుడి మొహం మాత్రం ఇంకా తేలని లెక్కలాగే ఉంది.

అంతటితో అయిపోలేదు. తర్వాత వారంలో టైలరమ్మ వచ్చి ట్రయల్ రూముకి అద్దం కొంది. మందుల షాపాయన ఒకటి తీసుకున్నాడు. స్కూటరాయన కూడా వచ్చాడు, "అద్దాల బండికి మెత్తవే అని మొదట చెప్పింది నేనేనండీ" అంటూ. వచ్చిన ప్రతివాడూ, "ఓహో, ఆ బ్రేకుల అద్దాలబ్బాయివి నువ్వేనా?" అని, కూర్చుని, తను ఇచ్చిన సలహా వివరంగా చెప్పి, ఏదో ఒకటి కొనుక్కుని వెళ్లేవాడు. వాళ్ల మాటలు వింటుంటే అల్లుడికి నవ్వొచ్చేది. అద్దాల్లో ఆ నవ్వు చూసి మొదట ఎవరో అనుకున్నాడు. ఆ సోమవారం పొద్దున మామగారు ఆ ప్రశ్న అందరికంటే ముందు అడిగింది తననేనని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మొన్న మామగారింటికి వెళ్లాడు. నువ్వైతేగారు బకెట్టు, గుడ్డ పెట్టుకుని బండి కడుగుతున్నాడు.

"మామయ్యగారూ, ఇవాళ తేలాల్సిందే. ముగ్గురికీ మూడు చెప్పారు. అసలు వేసినవి ఏవి?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ బండి తయారు చేసినవాళ్లు ఏవి వేయమన్నారో అవే. సాదా డిస్కులు, దానికి సరిపడే ప్యాడ్లు. ఆ సోమవారం మీరు వీధిలోకెళ్లి ఫోన్ మాట్లాడుతున్నప్పుడే కొనేశాను. రాత్రికల్లా మేస్త్రీ బిగించేశాడు."

అల్లుడు బకెట్టు పక్కనే కూలబడ్డాడు. "కొనేసి, బిగించేసి, ఆ తర్వాత వారమంతా ఊరు తిరిగి అడిగారా? నన్ను కూడా వెంట తిప్పుకుని? ఎందుకండీ?"

నువ్వైతేగారు గుడ్డ పిండి, తలుపు మీద ఆరేసి, ఇంత చిన్న సంగతి చదువుకున్నవాడికి తెలియకపోవడమేమిటన్నట్టు చూశాడు.

"కొనకముందు అడిగితే ఒక్కరి మాటే వినగలమండీ, మిగతావాళ్లు చిన్నబుచ్చుకుంటారు. కొనేశాక అడిగామనుకోండి, హాయిగా అందరి మాటా వినొచ్చు."